మా కార్యాలయపు క్రెష్: పది నెలల అనుభవం

26 వారాల ప్రసూతి సెలవులో కొంత కాన్పుకు ముందే వాడుకోవలసి వచ్చినందువల్ల, 2023 జూన్‌లో నేను తిరిగి ఉద్యోగంలో చేరేనాటికి మా పాపకు అయిదో నెల. అప్పటి నుంచి పది నెలల పాటు పాపను మా సంస్థ నడిపే క్రెష్‌లోనే (ఉద్యోగుల పసిపిల్లలను పగటిపూట చూసుకునే చోటు) ఉంచాను.

పిల్లల ఆలనాపాలనా విషయంలో నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. పాల సీసాలపై పేరూ సమయమూ రాసి ఫ్రిజ్‌లో పెట్టేవారు. పాప ఎన్నింటికి ఎంత తాగిందో, ఎంతసేపు నిద్రపోయిందో పుస్తకంలో రాసి సాయంత్రం చూపించేవారు. పాప సీసా పట్టని తొలి వారంలో, ఇద్దరు ఆయాలలో పెద్దామె నా పాత చీర ఒకటి అడిగి తెప్పించుకుని, దాన్ని ఒళ్లో పరచుకుని పాలు పట్టారు. ఉద్యోగం మానేద్దామని నేను దాదాపు నిశ్చయించుకున్న రోజులవి; మానకుండా నిలబడ్డానంటే ఆమె చలవే.

చిక్కంతా రాకపోకల దగ్గర వచ్చింది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ ఏర్పాటు చేయాలనీ, విశ్రాంతి సమయంతో కలిపి తల్లిని రోజుకు నాలుగుసార్లు బిడ్డ దగ్గరకు వెళ్లనివ్వాలనీ ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది. మా క్రెష్ ప్రాంగణం చివర వేరే భవనంలో ఉంది. నడకకే పదిహేను నిమిషాలు పట్టేది. పైగా వెళ్లే ప్రతిసారీ పై అధికారికి సందేశం పంపి, ఆయన సరేనన్నాకే కదలాలి. పాలు చేపి రవిక తడుస్తున్నా జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చున్న పూటలున్నాయి. ఎవరూ కాదనలేదు, కానీ అడగడానికే మొహమాటపడి నాలుగుసార్లు రెండుకూ, మూడో నెలకల్లా ఒకటికీ తగ్గించుకున్నాను.

ఈ హక్కు తేలికగా రాలేదు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లు చర్చకు వచ్చినప్పుడు, సభ్యుడిగా ఉన్న అంబేడ్కర్, ప్రసవానికి ముందూ తరువాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే ప్రయోజనమనీ, ఆ భారాన్ని ప్రభుత్వం కూడా మోయాలనీ వాదించారు. మరుసటి ఏడు అక్కడ చట్టం వచ్చింది. దేశవ్యాప్త చట్టానికి 1961 దాకా ఆగవలసి వచ్చింది. అంత పోరాడి సాధించుకున్నది, ఒక అధికారి ఫోన్ చూసుకోకపోతే ఆ పూటకు లేకుండా పోవడం నాకు అన్యాయంగా తోచింది.

మరో లోపం ఇంతకంటే బాధించింది. క్రెష్ గదులను రోజూ తుడిచే ఆమె కాంట్రాక్టరు తరఫున పనిచేస్తున్నందువల్ల, తన ఎనిమిది నెలల బాబును ఇంటి దగ్గర పెద్ద కూతురికి అప్పగించి వచ్చేది. ఆ బాబును కూడా చేర్చుకోవాలని తల్లులమంతా కలిసి రెండుసార్లు రాతపూర్వకంగా కోరినా, కాంట్రాక్టు సిబ్బంది పిల్లలను చేర్చుకోరాదన్న నిబంధన మా పాప అక్కడ ఉన్నంతకాలం మారలేదు.

ఆయాల సేవకు అయిదుకు అయిదు, నిర్వహణకు రెండు ఇస్తాను. బిడ్డను ఇలాంటి చోట చేర్చదలచిన తల్లులు, నాలుగు రాకపోకలకూ విడివిడిగా అనుమతి అక్కరలేదన్న మాటను ముందుగానే రాతలో తీసుకోండి. ఈ ప్రయోజనాలను ఉద్యోగంలో చేరేటప్పుడే ప్రతి మహిళకూ రాతపూర్వకంగా తెలియజేయాలని 2017 సవరణలోనే చెప్పారు.