జాగ్రత్త: మన అద్దం మీది క్యూఆర్ మెనూ మనది కాకపోవచ్చు

నిన్న సాయంత్రం భుజాన నల్ల సంచి, చేతిలో స్టిక్కర్ల చుట్టతో అదే కుర్రవాడు మా వీధి చివరి టిఫిన్ సెంటరు మెట్లెక్కుతూ కనిపించాడు. ఒకప్పుడు మా మెట్లు కూడా అలాగే ఎక్కాడు. పోయిన డబ్బు పోయిందని ఇన్నాళ్లూ ఊరుకున్నాను గానీ, అతన్ని చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను. హోటలో, కర్రీ పాయింటో, బేకరీయో నడుపుతూ, ఫోనుతో స్కాన్ చేస్తే వంటలు, ధరలు కనిపించే క్యూఆర్ మెనూ ముందు అద్దం మీద పెట్టిద్దామనుకుంటున్నవారు దయచేసి పూర్తిగా చదవండి. కంపెనీ పేరు చెప్పను. ఇలాంటివాళ్లు రేపు ఇంకో పేరుతో వస్తారు. వాళ్ల పద్ధతి తెలిస్తే చాలు.

మాది గుంటూరు బ్రాడీపేటలో ముప్పై సీట్ల భోజన హోటల్. మధ్యాహ్నం మీల్స్, రాత్రి బిర్యానీ. మా వారు వంటగది చూస్తారు, నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాను. 2024 కార్తీక మాసంలో, సగం ఊరు మాంసం మానేసి మేము ఈగలు తోలుకుంటున్న రోజుల్లో అతను వచ్చాడు. "మీ ముందు నుంచి ఇంతమంది నడిచి వెళుతున్నారు కదండీ, లోపల ఏముందో, ఎంతవుతుందో తెలియక వెళ్లిపోతున్నారు. అద్దం మీద కోడ్ ఉంటే బయటే మెనూ చూసుకుని లోపలికి వస్తారు" అన్నాడు. ఆ మాట తప్పని నేను ఇప్పటికీ అనను. ధర తెలియని హోటల్లో అడుగు పెట్టాలంటే నాకే బెరుకు.

స్టిక్కర్లకు, డిజైనుకు కలిపి 3,600 రూపాయలు. మెనూ నడపడం మూడు నెలలు ఉచితం. "ఖాతా సరిచూడటానికి ఒక్క రూపాయి" అంటూ నా ఫోనులో యూపీఐ పిన్ కొట్టించాడు. క్యూఆర్ కోడ్ వాడాలంటే జపాన్ వాళ్లకు లైసెన్సు రుసుము కట్టాలని, అది తామే కడుతున్నామని కూడా చెప్పాడు. ఇది పచ్చి అబద్ధం. కారు విడిభాగాల లెక్క కోసం 1994లో క్యూఆర్ కోడ్‌ను తయారుచేసిన డెన్సో వాళ్లు పేటెంటు తమదే అయినా దాన్ని ఎవరి మీదా ప్రయోగించబోమని ప్రకటించారు. ఎవరైనా ఉచితంగా కోడ్ తయారుచేసుకోవచ్చు. నాకు ఇది తెలిసేసరికి ఆలస్యమైంది.

ముందు అద్దం సంగతి. మాది పడమటి ముఖం. ఎండ ఆపడానికి అద్దానికి నల్ల ఫిల్ము వేయించాం. ఆ ఫిల్ము వెనక, లోపలి వైపు, ముదురు మెరూన్ మీద బంగారు రంగు కోడ్ అతికించి వెళ్లారు. చూడటానికి పెళ్లి శుభలేఖలా ఉంది. ఫోనుకు మాత్రం కనిపించదు. లేత రంగు మీద ముదురు కోడ్ ఉంటేనే అన్ని ఫోన్లూ చదువుతాయి. తిరగేస్తే కొన్ని చదవవు. పైగా కోడ్ అయిదు సెంటీమీటర్లే. మనిషి నిలబడే దూరంలో పదో వంతు ఉండాలని స్టిక్కర్లు కొట్టేవాళ్లందరికీ తెలిసిన లెక్క. మా కాలిబాట నుంచి అద్దానికి మీటరున్నర దూరం, అంటే పదిహేను సెంటీమీటర్ల కోడ్ కావాలి. మధ్యాహ్నం మూడు దాటితే అద్దంలో ఎదుటి ఆటోలు, ఎండ తప్ప ఏమీ కనిపించవు. మనుషులు ఆగడం, ఫోను ఎత్తడం, అటూ ఇటూ తిప్పడం, దించేసి వెళ్లిపోవడం గల్లాపెట్టె దగ్గర కూర్చుని రోజూ చూశాను. కోడ్ లేకపోతే వాళ్లలో కొందరైనా తలుపు తోసి "మీల్స్ ఎంతండీ" అని అడిగేవారేమో.

చదవగలిగిన ఫోన్లకు ఇంకో గోడ అడ్డం. మెనూ తెరుచుకునే ముందు మొబైల్ నంబరు, ఆపైన ఓటీపీ అడిగేది. పప్పు ఉందో సాంబారు ఉందో చూడటానికి ఓటీపీ ఎందుకు? ఆ నంబర్లు నాకు వచ్చేవి కావు, కంపెనీ దగ్గరే ఉండేవి. దుకాణదారులు కొనేవారిని ఫోను నంబరు కోసం బలవంతపెట్టకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే సూచించింది. మా గుమ్మం ముందు మా పేరు మీద అదే పని జరుగుతుంటే మాకు తెలియలేదు.

మన జనానికి క్యూఆర్ అంటే చెల్లింపు. కెమెరా తెరవరు, నేరుగా ఫోన్‌పేనో గూగుల్ పేనో తెరుస్తారు. అందులో మెనూ కోడ్ చూపిస్తే ఇది చెల్లదని వస్తుంది. ఒక పెద్దాయన తలుపు కాస్త తీసి, "లోపలికి రాకముందే డబ్బు కట్టాలా అమ్మా?" అని అడిగారు. నవ్వి లోపలికి పిలిచాను. ఆయన అడిగారు కాబట్టి సరిపోయింది. అడగకుండా వెళ్లినవాళ్లెందరో!

ధరలు మార్చాలన్నా వాళ్లకే మెసేజ్ పెట్టాలి, రెండు రోజులు ఆగాలి. సంక్రాంతి ముందు బిర్యానీ ధర ఇరవై రూపాయలు పెంచితే బయట పాత ధరే కనిపించింది. బిల్లు దగ్గర గొడవలు పడలేక నాలుగు బల్లలకు పాత ధరే తీసుకున్నాను. కంపెనీ మాత్రం నెలనెలా "ఇన్ని వందల స్కాన్లు" అని రంగురంగుల పటం పంపేది. లోపల బల్లల మీది కోడ్‌లు, మా సప్లయర్లు సరదాకు చేసినవి, అన్నీ అందులోనే. స్కాన్ చేసినవాడు విస్తరి ముందు కూర్చున్నాడో లేదో ఆ పటం చెప్పదు.

ఇక డబ్బు. ఆ ఒక్క రూపాయికి కొట్టిన పిన్ నిజానికి ఆటోపే అనుమతి, అంటే నెలనెలా మన ఖాతాలోంచి డబ్బు దానంతటదే కోసుకునే అనుమతి. నెలకు 1,499, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 1,768 రూపాయల 82 పైసలు. 15,000 లోపు నెలవారీ కోతకు ప్రతిసారీ పిన్ అడగరు. కోతకు 24 గంటల ముందు సందేశం రావాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. వచ్చింది కూడా. రోజుకు వంద చెల్లింపు సందేశాలు వచ్చే ఫోనులో దాన్ని ఎవరు చూస్తారు? మార్చి, ఏప్రిల్, మే కోతలు అయ్యాక, గ్యాస్ బిల్లు కట్టడానికి ఖాతా చూస్తే బయటపడింది. 5,306 రూపాయల 46 పైసలు.

వెంటనే ఆటోపే రద్దు చేశాను. అసలు దెబ్బ ఎనిమిదో రోజున తగిలింది. మా సప్లయర్ కుర్రవాడు బయటి నుంచి ఫోను పట్టుకుని పరుగున వచ్చాడు. మా అద్దం మీది మా కోడ్ స్కాన్ చేస్తే మా మెనూ లేదు. "సమీపంలోని రెస్టారెంట్లు" అని జాబితా వచ్చింది. అందులో మొదటిది రోడ్డుకు అవతలి వరుసలోని బిర్యానీ హోటల్! మా గుమ్మం ముందు నిలబడ్డ మనిషికి, మా డబ్బుతో కొట్టించిన స్టిక్కరే ఎదుటి హోటల్ దారి చూపిస్తోంది. ఆ రాత్రి మా వారు గరిట పట్టుకునే వంటగదిలోంచి వచ్చి స్టిక్కరును కత్తితో గీకారు. జిగురు మరక ఇప్పటికీ ఉంది.

ఇది ఎలా జరుగుతుందంటే, కోడ్‌లో ఉండేది మెనూ కాదు, ఒక వెబ్ చిరునామా. మా కోడ్‌లో ఉన్నది కంపెనీ చిరునామా. అక్కడికి వెళ్లినవారిని ఎటు మళ్లించాలో కంపెనీ ఇష్టం. దీన్ని డైనమిక్ కోడ్ అంటారు. అచ్చు మార్చకుండా గమ్యం మార్చుకోవచ్చన్నది దాని సుగుణం. ఆ కళ్లెం మన చేతిలో లేకపోతే అదే ఉరితాడు. మన సొంత చిరునామా నేరుగా అచ్చువేసిన కోడ్‌కు గడువు ఉండదు. అది కాగితం మీద రాసిన అక్షరాల లాంటిది. కాబట్టి అతికించే ముందు, డబ్బు ఇచ్చే ముందు, మీ ఫోను కెమెరాతో నమూనా కోడ్ చూడండి. తెరిచే ముందే చిరునామా కనిపిస్తుంది. అందులో ఉన్నది మీ పేరా, వాళ్ల పేరా? వాళ్లదైతే, "మానేస్తే ఈ కోడ్ ఎటు వెళుతుంది" అని అడిగి, సమాధానం కాగితం మీద రాయించుకోండి.

ఆటోపే అనుమతులన్నీ మీ యూపీఐ యాప్‌లోనే కనిపిస్తాయి. అక్కడే రద్దు చేయవచ్చు, కంపెనీని బతిమాలాల్సిన పని లేదు. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. వ్యాపారానికి కొన్న సేవకు వినియోగదారుల చట్టం వర్తించదని కంపెనీ వాదన. 2019 చట్టం మాత్రం స్వయం ఉపాధితో బతకడానికి కొన్న వస్తువులను ఆ మినహాయింపులో కలపలేదు, సేవలకూ అదే వర్తించాలని నా వాదన. ముప్పై సీట్ల హోటల్ మా జీవనాధారం కాక మరేమిటి? చెప్పకుండా చందాలోకి లాగి బయటికి రానివ్వకపోవడం 2023 నవంబరు 30న కేంద్రం ప్రకటించిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవారిని మభ్యపెట్టే ఆన్‌లైన్ ఎత్తుగడలు) మార్గదర్శకాల్లోని 13 పద్ధతుల్లో ఒకటి. ఫిర్యాదులో ఆ మాట కూడా రాయించాను. డబ్బు ఇంకా రాలేదు.

ఇప్పుడు మేము చేసుకున్నది చెబుతాను. మా అమ్మాయి కొన్ని వందల రూపాయలకు ఏడాదికి సొంత చిరునామా కొని, ఒకే పేజీలో వంటలు, ధరలు ఉత్త అక్షరాల్లో పెట్టింది. ఫొటోలు లేవు, ఓటీపీ లేదు. ధర మారితే నేనే ఫోనులో దిద్దుతాను. తెల్లటి నేల మీద నల్ల కోడ్, చుట్టూ వెడల్పుగా ఖాళీ అంచు, మధ్యలో బొమ్మలేమీ లేవు. నల్ల ఫిల్మును ఆ మేరకు కోయించి లోపలి నుంచే అతికించాం. బయట అతికిస్తే రాత్రికి ఎవరైనా దాని మీద ఇంకోటి అతికించవచ్చు. 2025 జనవరిలో ఖజురహోలో దుకాణాల బయటి చెల్లింపు కోడ్‌లకు అదే గతి పట్టింది. కోడ్ పైన పెద్ద అక్షరాలతో "ఇది మెనూ, కెమెరాతో చూడండి, డబ్బు కట్టేది కాదు" అని రాయించాం.

దాని పక్కనే మా మామగారి కాలం నాటి నల్లబల్ల మళ్లీ పెట్టాను. మీల్స్ ధర, ఆ రోజు కూర, బిర్యానీ ధర, అంతే. నిజం చెప్పాలంటే ఎక్కువమంది దాన్ని చూసే లోపలికి వస్తున్నారు. కోడ్ మిగతా మెనూ కావలసినవాళ్లకే.

ఈ ఉదయం ఇడ్లీ వాయి దిగే వేళకు ఆ టిఫిన్ సెంటరుకు వెళ్లాను. దాని యజమాని నిన్ననే స్టిక్కర్లకు డబ్బిచ్చి, ఒక్క రూపాయి పిన్ కూడా కొట్టేశారట. అక్కడే బల్ల మీద కూర్చుని ఫోను తీయించి, ఆటోపే ఎక్కడుందో చూపించి రద్దు చేయించాను. స్టిక్కర్లు ఇంకా చుట్టలోనే ఉన్నాయి.