పైలట్ ఇంటర్వ్యూకు కోచింగ్ మేలా, ముగ్గురు మిత్రుల సాధన మేలా?

సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేతికి వచ్చి, టైప్ రేటింగ్ (ఒక ఫలానా రకం విమానం నడిపేందుకు ఇచ్చే అర్హత) కూడా ముగించుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ కొంతకాలంగా నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "అన్నా, ఎయిర్‌లైన్ ఇంటర్వ్యూకు కోచింగ్‌లో చేరమంటారా, మాలో మేమే తయారవమంటారా?" నేను ఈ రెండు దారులూ తొక్కినవాణ్ణే. మొదటిసారి నగరంలోని ఒక శిక్షణ సంస్థలో ఆరు వారాలు చదివి టెక్నికల్ రౌండ్‌లో వెనుదిరిగాను. రెండోసారి బేగంపేటలో ఒకే గదిలో ఉంటున్న మరో ఇద్దరు మిత్రులతో కలిసి సాధన చేసి ఎంపికయ్యాను. కాబట్టి నా మొగ్గు ఎటువైపో ముందే తెలిసిపోతుంది, అయినా కోచింగ్‌కు దక్కవలసిన మెప్పును తగ్గించి చెప్పను.

కోచింగ్‌లో మొదటి లాభం క్రమం. ఎయిర్ రెగ్యులేషన్స్, వాతావరణ శాస్త్రం, నావిగేషన్ వంటి పేపర్లు రాసి ఏడాది రెండేళ్లు గడిచినవారికి ఏది ఎంత మరిచిపోయామో కూడా గుర్తుండదు. అక్కడ రోజుకొక అంశం చొప్పున మళ్లీ తిరగేయిస్తారు. రెండో లాభం కంప్యూటర్ మీద జరిగే సైకోమెట్రిక్ పరీక్షల అభ్యాసం. ఒక చేత్తో బొమ్మను గీత మీద నిలుపుతూ, మరోవైపు చెవిన పడే అంకెలను గుర్తుంచుకోవడం పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. ఈ ఒక్క విషయంలో కోచింగ్‌దే పైచేయి అని నిస్సంకోచంగా ఒప్పుకుంటాను.

అయితే నా దృష్టిలో ఎంపికను తేల్చేది మొదటి జవాబు కాదు, దాని వెనుక వచ్చే రెండో, మూడో ప్రశ్న. డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటే ఏమిటని నన్ను అడిగినప్పుడు, ప్రెషర్ ఆల్టిట్యూడ్‌ను (గాలి పీడనాన్ని బట్టి లెక్కించే ఎత్తును) ఉష్ణోగ్రతకు తగినట్లు సవరిస్తే వచ్చేది అని తడుముకోకుండా చెప్పాను. "మంచిది, మే నెల మధ్యాహ్నం శంషాబాద్‌లో అది ఎంత ఉంటుంది?" అన్నారు ప్యానెల్‌లోని కెప్టెన్. నోట మాట రాలేదు. శంషాబాద్ విమానాశ్రయం ఎత్తు సుమారు 2,000 అడుగులనీ, ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 11 డిగ్రీలనీ, బయట 40 డిగ్రీలుంటే తేడా 29 డిగ్రీలనీ, డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే విమానం దాదాపు 5,500 అడుగుల ఎత్తులో ఉన్నట్లే ప్రవర్తిస్తుందనీ లెక్క కట్టడానికి కావలసినదంతా నాకు తెలుసు. తెలిసినదాన్ని నలుగురి ముందు నోటితో విప్పి చెప్పే అలవాటే లేదు.

రెండోసారి మేము చేసినదంతా ఆ అలవాటు కోసమే. ఒకరు కుర్చీలో కూర్చుంటే మిగిలిన ఇద్దరూ "ఎందుకు?" అని వదలకుండా అడిగేవాళ్లం. ఆ 5,500 అడుగుల దగ్గర ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ 140 నాట్లు (గంటకు ఇన్ని నాటికల్ మైళ్లు అనే వేగం కొలత) చూపితే నిజ వేగం దాదాపు 152 నాట్లు ఉంటుంది. పలుచని గాలిలో ఇంజిన్ థ్రస్ట్ (ముందుకు తోసే బలం) కూడా తగ్గుతుంది. అందుకే రన్‌వే మీద ఎక్కువ దూరం పరుగెత్తాలి. ఇదే విషయాన్ని మా మిత్రుడు వాళ్ల నానమ్మకు తెలుగులో చెప్పబోయి రెండుసార్లు తికమకపడ్డాడు. తెలుగులో తడబడ్డ చోటే ఇంగ్లీషులోనూ తడబడుతున్నామని అప్పుడు గ్రహించి, ముందు తెలుగులో తేల్చుకుని, తరువాత ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాము. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి దీనికి మించిన ఉపాయం నాకు తెలియదు.

ప్రమాదాల విషయంలోనూ ఇదే తేడా కనిపించింది. కోచింగ్‌లో 2020 ఆగస్టు 7న కోళిక్కోడ్‌లో దిగుతూ విమానం రన్‌వే దాటిపోయిన ప్రమాదాన్ని ఒక పేజీకి కుదించి ఇచ్చారు. మేము దర్యాప్తు నివేదికనే ముందు పెట్టుకుని చదివాము. తడి రన్‌వే, వెనుక గాలి; 8,858 అడుగుల రన్‌వేలో విమానం 4,438 అడుగులు దాటాక గాని నేలను తాకలేదు. "ఆ క్షణంలో ఫస్ట్ ఆఫీసర్‌గా (సహ పైలట్‌గా) నువ్వే ఉంటే కెప్టెన్‌తో ఏ మాట అంటావు, వినకపోతే ఏం చేస్తావు?" అని ఒకరినొకరు నిలదీసుకున్నాము. సీఆర్ఎం (క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్, అంటే కాక్‌పిట్‌లో సిబ్బంది ఒకరితో ఒకరు కలిసి పనిచేసే పద్ధతి) నిర్వచనం అప్పజెప్పినవాడికి, ఆ మాటను బిగ్గరగా అని చూసినవాడికి ఉన్న తేడా ప్యానెల్‌కు ఇట్టే తెలుస్తుంది. పైగా ఒకే సంస్థ నుంచి వచ్చిన పది మంది తమ గురించి ఒకే ధోరణిలో చెప్పుకుంటే, పదకొండోవాడు నోరు తెరవకముందే విసుగు పుట్టదా?

మిత్రుల సాధనలో ప్రమాదం లేకపోలేదు. ముగ్గురూ ఒకే తప్పును నమ్మితే దిద్దేవారు ఉండరు. చనువు కొద్దీ ప్రశ్నలు మెత్తబడతాయి. మేము పదిహేను రోజులకొకసారి మాకు ఎగరడం నేర్పిన ఇన్‌స్ట్రక్టర్ గారిని బతిమాలి కూర్చోబెట్టుకునేవాళ్లం. అలాంటి పెద్దదిక్కు దొరకనివారు కోచింగ్‌లో చేరడమే మంచిది. అప్పుడు కూడా పూర్తి కోర్సు కన్నా సైకోమెట్రిక్ అభ్యాసం, రెండు మాక్ ఇంటర్వ్యూలు మాత్రం తీసుకుంటే డబ్బు మిగులుతుంది.

వాట్సాప్‌లో తిరిగే ప్రశ్నల పీడీఎఫ్‌లు ఏయే అంశాలు అడుగుతారో చూసుకోవడానికి సరిపోతాయి, అందులోని జవాబులను మాత్రం మాన్యువల్‌తో సరిచూడకుండా నమ్మవద్దు. ఒంటరిగా చదవడం గురించి చెప్పవలసినది పెద్దగా లేదు.

సిమ్యులేటర్ గంటను అద్దెకు తీసుకునే ఆలోచన ఉంటే, దాన్ని సిమ్ చెక్‌కు (ఎంపికలో భాగంగా సిమ్యులేటర్ మీద జరిగే పరీక్షకు) ముందు వారం లోపే పెట్టుకోండి. నెల ముందు చేసిన సాధనలో విధానాలు గుర్తుంటాయి గాని, ఆటోపైలట్ లేకుండా పరికరాల మీద చూపు తిప్పే వేగం నిలవదు.