ఏసీలో గ్యాస్ అయిపోయిందని చెబితే వెంటనే నమ్మకండి

నిరుడు మే నెలలో విజయవాడలోని మా ఇంట్లో జరిగిన మోసాన్ని, ఇంకెవరూ దానికి లోను కాకూడదన్న ఉద్దేశంతో వివరంగా రాస్తున్నాను. మాది ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ, కొని మూడేళ్లయింది. గది చల్లబడడం తగ్గేసరికి, ఇంటర్నెట్‌లో వెతికి, మొదట కనిపించిన నంబరు కంపెనీ సర్వీసు సెంటరుదే అనుకొని ఫోన్ చేశాను. అది కంపెనీ నంబరు కాదని తర్వాత తెలిసింది.

వచ్చిన మెకానిక్ గదిలోని యూనిట్ మూత కూడా తెరిచి చూడలేదు. నేరుగా మేడ మీది అవుట్‌డోర్ యూనిట్ దగ్గరికి వెళ్లి, గ్యాస్ ఒత్తిడి చూపే గేజి తగిలించి, సన్న గొట్టం దగ్గర అల్లెన్ కీతో ఏదో తిప్పాడు. గేజి ముల్లు చూస్తుండగానే కిందికి దిగిపోయింది. ‘గ్యాస్ మొత్తం అయిపోయిందండీ, ఇలాగే నడిపితే కంప్రెసర్ పోతుంది’ అన్నాడు. ఆ గదిలో పడుకునేది ఎనభై ఏళ్ల మా అమ్మ కాబట్టి, నేను ఇంకేమీ అడగకుండా 3,500 రూపాయలు చెల్లించాను. బిల్లు అడిగితే తర్వాత పంపిస్తానన్నాడు. నెల తిరక్కుండానే గది మళ్లీ ఉక్కపోతగా మారింది, అతను ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఈసారి వారంటీ కార్డు మీది నంబరుకు ఫోన్ చేస్తే వచ్చిన టెక్నీషియన్ ముందుగా ఇండోర్ యూనిట్ విప్పి, దుమ్ముతో పూర్తిగా మూసుకుపోయిన కాయిల్‌ను చూపించారు. అసలు లోపం అదే. తర్వాత లోపలున్న గ్యాస్‌ను సిలిండరులోకి తీసి తూకం వేస్తే, యూనిట్ మీది పట్టీలో 900 గ్రాములని ఉండగా 1,200 గ్రాములకు పైగా తేలింది. అంటే తక్కువ కాని గ్యాస్‌ను తక్కువైందని చూపించి, పైగా ఎక్కువ నింపి వెళ్లాడు. ఏసీ నడుస్తుండగా సన్న గొట్టం వాల్వును మూస్తే కంప్రెసర్ ఇండోర్ యూనిట్ వైపున్న గ్యాస్‌ను లాగేసుకోవడంతో గేజిలో ఒత్తిడి పడిపోతుందని, ఆ అల్లెన్ కీ పని అదేనని ఆయన వివరించినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది.

ఏసీలోని గ్యాస్ బండిలోని పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. అది మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది, లీకేజీ ఉంటే తప్ప తగ్గదు. కాబట్టి గ్యాస్ తగ్గిందని ఎవరైనా అంటే, లీకేజీ ఎక్కడుందో చూపించమని అడగండి. నైట్రోజన్‌తో ఒత్తిడి పెట్టి, జాయింట్ల మీద సబ్బు నురగ రాస్తే బుడగలు వచ్చే చోటు కంటికే కనిపిస్తుంది. దాన్ని బాగుచేసి, వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలిని, తేమను పూర్తిగా లాగేసిన తర్వాతే, పట్టీ మీద రాసినంత గ్యాస్‌ను తూకం వేసి నింపాలి. తూకం యంత్రం, వాక్యూమ్ పంపు తీసుకురాని మనిషి చేత గ్యాస్ నింపించకండి. ఇప్పటి ఇన్వర్టర్ ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్-32 అనే గ్యాస్ కొంతమేర మండే స్వభావం గలది. దానిలో పాత ఆర్-22 వంటి మరో గ్యాస్‌ను కలపడం అసలే కూడదు.

కొత్తగా కొనేవారికి కూడా ఒక మాట. ‘కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ’ అన్నంత మాత్రాన గ్యాస్‌కు, పనివారి కూలికి కూడా అది వర్తిస్తుందనుకోకండి. కార్డులోని షరతులను దుకాణంలో ఉండగానే చదవండి. బిగించే రోజున వాక్యూమ్ చేశారో లేదో దగ్గరుండి చూడండి, ఎందుకంటే బిగింపులో వదులుగా మిగిలిన నట్టు తర్వాత నిజమైన లీకేజీకి కారణమవుతుంది. ఇండోర్ యూనిట్ ఫిల్టర్లను వేసవిలో రెండు వారాలకొకసారి కడిగితే, మా ఇంట్లో వచ్చినటువంటి ఇబ్బంది చాలావరకు రాదు.

మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు, కానీ బిల్లు ఉంటే వాదనకు బలం చేకూరుతుంది. నా దగ్గర మిగిలింది యూపీఐ చెల్లింపు వివరం మాత్రమే. నేను ఊళ్లో లేనప్పుడు అమ్మే ఫోన్ చేయవలసి రావచ్చు కనుక, వారంటీ కార్డు మీది నంబరును పెద్ద అక్షరాలతో రాసి, ఆమె మంచం పక్కన స్టెబిలైజర్ దగ్గర గోడకు అంటించాను.