పరాయి పాప మన సంచి లాగుతుంటే: పాపతో మాట్లాడాలా, పెద్దవాళ్లను పిలవాలా?

పార్కులోనో, వెయిటింగ్ హాల్లోనో 2 ఏళ్ల పాప వచ్చి మీ స్ట్రోలర్ లాగుతుంది, సంచి జిప్పు తీస్తుంది. తనతో వచ్చినవాళ్లు మాత్రం కనబడరు.

పాపతోనే మాట్లాడటం త్వరగా పనిచేస్తుంది. మా ఓటు ముందు దీనికే. తన ఎత్తుకు వంగి, అరచేయి చాచి, "ఇది మా బాబుది. నా చేతిలో పెట్టమ్మా" అనండి. ఒట్టి "వద్దు" అంటే ఏం చేయాలో తనకు తెలియదు. పైగా ఆ వయసులో చేతిని ఆపుకునే అదుపు ఇంకా రాదు. 5, 6 సెకన్లు ఆగండి. ఇవ్వకపోతే ఇంకో బొమ్మ చూపించి మార్చుకోండి. లాక్కుంటే పట్టు బిగుస్తుంది, ఏడుపు మొదలవుతుంది. పిల్లను ఎత్తుకోవద్దు, చెయ్యి పట్టి లాగొద్దు. తినేదేదీ ఇవ్వొద్దు, అలర్జీ ఉండొచ్చు.

పెద్దవాళ్లను పిలవడం కాస్త ఆలస్యమే, కానీ పాప మళ్లీ మళ్లీ వస్తుంటే ఇదొక్కటే ఆపుతుంది. "ఈ పాప ఎవరితో వచ్చిందండీ?" అని అందరికీ వినబడేలా అడగండి. "పిల్లల్ని చూసుకోరా?" అంటే గొడవే. సంచిలో మందులుంటే ఆ మాటే చెప్పండి, వెంటనే వస్తారు.

మాత్రలు, వేడి టీ, బటన్ బ్యాటరీ (గుండీలా ఉండే చిన్న గుండ్రటి బ్యాటరీ) తన చేతికి అందితే మాత్రం మాటలు తర్వాత, ముందు వస్తువు తీసేయండి. మింగిన బటన్ బ్యాటరీ 2 గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. స్ట్రోలర్ ఆపిన ప్రతిసారీ బ్రేకు వేయండి, ఎవరూ దగ్గర లేకపోయినా సరే.