పారిస్‌లో కంచు బొమ్మల వేట: ముందు మ్యూజియం, ఆ తర్వాతే సంత

ఐదు రోజులు పారిస్‌లో పాత కంచు బొమ్మల కోసమే తిరిగాను. కీర్తి, న్యాయం, విజయం లాంటి భావాలకు మనిషి రూపమిచ్చి పందొమ్మిదో శతాబ్దంలో పోత పోసినవంటే నాకు ప్రాణం. బాకా పట్టుకుంటే కీర్తి, త్రాసు పట్టుకుంటే న్యాయం. ఆ గుర్తులు తెలిస్తే బొమ్మ మాట్లాడుతుంది.

కొనే ఆలోచన ఉన్నా సరే, మొదటి రోజు పెటీ పలే మ్యూజియానికే వెళ్లండి. శాశ్వత ప్రదర్శనకు టికెట్ లేదు, సోమవారం సెలవు. అక్కడ శిల్పి మెర్సియే చేసిన 'గ్లోరియా విక్టిస్' (ఓడినవారికి కీర్తి) ఉంది. 1870-71 యుద్ధంలో ప్రష్యా చేతిలో ఓడిన ఫ్రాన్స్ తన సైనికులకు అర్పించిన నివాళి అది. రెక్కలున్న కీర్తి, నేలకొరిగిన యువకుణ్ణి ఎత్తుకుని నడుస్తుంటుంది; అతని చేతిలో విరిగిన కత్తి. చుట్టూ తిరుగుతూ గంటసేపు చూశాను. వేళ్ల మడతలూ రెక్కల ఈకలూ ఎంత పదునుగా ఉండాలో కంటికి అక్కడే పట్టుబడింది. నాసియోన్ కూడలిలో శిల్పి దాలూ చేసిన 'గణతంత్ర విజయం' ఆరుబయటే ఉంటుంది. సాయంత్రం ఎండలో చూడండి.

పాత వస్తువులమ్మే సెంతువాన్ సంతకు శని, ఆది, సోమవారాల్లో వెళ్లాలి. మెట్రో దిగాక వంతెన కింద చెప్పులూ బ్యాగులూ అమ్మేవాళ్లను దాటుకుని రూ దె రోజియే వైపు నడిస్తే అసలు దుకాణాలు వస్తాయి. ఒకే శిల్పం నాలుగైదు సైజుల్లో కనిపిస్తే కంగారు పడకండి. 1836లో అషిల్ కొలాస్ శిల్పాన్ని కొలత తప్పకుండా చిన్నది చేసే యంత్రం కనిపెట్టాడు. 1838లో బార్బెదియెన్ అనే ఆయనతో కలిసి కంచు పోతల వ్యాపారం పెట్టాడు. ఆ పోతల మీద గుండ్రటి కొలాస్ ముద్ర వెతకండి. ముద్ర ఉన్నంత మాత్రాన నమ్మేయొద్దు, పాత పోత నుంచి అచ్చు తీసి మళ్లీ పోసినవాటిలో ముద్ర కూడా వచ్చేస్తుంది. కానీ లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి అవి కాస్త చిన్నగా ఉంటాయి, ముఖం కవళికలు మెత్తబడతాయి.

ఒక దుకాణంలో బాకా ఊదుతున్న కీర్తి నన్ను కట్టిపడేసింది. తిరగేసి చూస్తే అడుగున గీత పడినచోట వెండిలా తెల్లగా ఉంది. కంచైతే బంగారంలా పసుపుపచ్చగా మెరవాలి. అది జింకు పోత, అక్కడివాళ్లు రెగ్యూల్ అంటారు. పక్క వీధిలో ఒకాయన అడగకముందే తన బొమ్మను తిప్పి, విడి భాగాలను బిగించిన లోపలి మరలు, నట్లు చూపించాడు. చిన్న 'గ్లోరియా విక్టిస్' ఆయన దగ్గరే తీసుకున్నాను.

ద్రూవో వేలంశాలలో సాధారణంగా అమ్మకానికి ముందురోజు సరుకంతా ఉచితంగా చూడొచ్చు. సిబ్బందిని అడిగితే చేతికిస్తారు. పాట ధర మీద కమీషన్ కూడా పడుతుంది, అది కలుపుకునే పాడండి.

బస రెండు చోట్ల చేశాను. సంత దగ్గరి గది చవకే గానీ లిఫ్టు లేదు. కంచు బరువుతో నాలుగు అంతస్తులెక్కడం నరకం. తొమ్మిదో వార్డులో ద్రూవోకు నడిచివెళ్లే దూరంలోని గదికే నా ఓటు.

బాధపెట్టింది పార్సిల్ సంస్థే. రెక్కలు విడిగా పోసి బిగించినవని రెండుసార్లు చెప్పినా, అంతా కలిపి ఒకే చుట్ట చుట్టేశారు. ఎడమ రెక్క అతుకు వదులైంది. మీరు దగ్గరుండి ప్యాక్ చేయించండి, పెట్టె మూసేముందు ప్రతి అతుకునూ ఫొటో తీసుకోండి.