జాగ్రత్త: ఆన్‌లైన్ డ్రైవింగ్ కోర్సు కొంటే లైసెన్స్ చేతికి రాదు

కర్నూలు, నంద్యాల, ఆదోని వైపు ఉన్నవాళ్లకు ఈమధ్య ఫోన్ తెరిస్తే చాలు, ఒక ప్రకటన వెంటపడుతోంది. "ఇంట్లో కూర్చునే డ్రైవింగ్ కోర్సు పూర్తి చేయండి, టెస్టు లేకుండా లైసెన్స్ పొందండి" అని. వెనకాల కొండారెడ్డి బురుజు ఫొటో, పైన మూడు సింహాల గుర్తును తలపించే ముద్ర. చూసినవాళ్లు ప్రభుత్వానిదే అనుకోవాలని అలా చేశారు. ఆ కోర్సు మా మేనకోడలు కొంది. డబ్బు పోయింది, దాన్ని పక్కన పెడదాం. ఆమె పేరు మీద పెట్టిన ఎల్ఎల్ఆర్ (బండి నేర్చుకోవడానికి ముందు ఇచ్చే లెర్నర్ లైసెన్స్) దరఖాస్తు వాళ్ల గుప్పిట్లో ఉండిపోయింది. ఇది రాస్తున్నది దానికోసం. డిగ్రీ అయిపోయి బండి నేర్చుకోవాలనుకునే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు కాస్త ఓపిగ్గా చదవండి.

మన దగ్గర ఎల్ఎల్ఆర్ తీసుకోవడానికి ఏ కోర్సూ అక్కర్లేదు. 18 ఏళ్లు నిండి ఉంటే కేంద్ర రవాణా శాఖ వాళ్ల పరివాహన్ సారథి సైటులో మనమే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కేంద్ర నిబంధనల ప్రకారం ఎల్ఎల్ఆర్‌కు ఒక్కో రకం బండికి 150 రూపాయలు, పరీక్షకు 50 రూపాయలు. దాని మీద రాష్ట్రం వేసే సర్వీసు చార్జీ ఉంటుంది. రోడ్డు గుర్తులు, నియమాల మీద అడిగే ప్రశ్నల్లో 60 శాతం సరిగ్గా చెబితే పాస్. ప్రశ్నలు తెలుగులో పెట్టుకోవచ్చు. అదే సైటులో మాక్ టెస్టు కూడా ఉంది, పైసా ఖర్చు లేదు. ఎల్ఎల్ఆర్ వచ్చాక 30 రోజులు ఆగి, దాని గడువు 6 నెలలు దాటకముందే స్లాట్ బుక్ చేసుకుని, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు బండి నడిపి చూపించాలి. అది పాసైతే లైసెన్స్. ఇంతే కథ. ఇందులో మూడో మనిషికి మూడు వేలు ఇవ్వాల్సిన చోటు ఎక్కడా లేదు.

మరి "టెస్టు లేకుండా" అని అంత ధైర్యంగా ఎలా వేసుకుంటున్నారు? ఇక్కడే ఉంది వాళ్ల తెలివి. ఆ మాటలో సగం నిజం ఉంది. 2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న డ్రైవర్ శిక్షణ కేంద్రంలో కోర్సు పూర్తి చేసి పాసైనవాళ్లకు ఆర్టీఓ ఆఫీసులో మళ్లీ డ్రైవింగ్ టెస్టు ఉండదు. కానీ ఆ కేంద్రం ఎలా ఉండాలో కూడా ఆ నిబంధనల్లోనే రాశారు. కార్లు, బైకులకైతే కనీసం ఎకరం స్థలం, పెద్ద బండ్లకైతే రెండెకరాలు. సిమ్యులేటర్ (నిజంగా బండి నడుపుతున్నట్టే ఉండే యంత్రం) ఉండాలి, సొంత టెస్ట్ ట్రాక్ ఉండాలి. కారు కోర్సు 29 గంటలు, గరిష్ఠంగా 4 వారాల్లో పూర్తి చేయాలి. ఆ 29లో 21 గంటలు బండి నడపడమే. ఇంట్లో సోఫాలో కూర్చుని 21 గంటలు ఏ స్టీరింగ్ తిప్పుతారప్పా? ప్రకటనలో మాత్రం నిబంధన తాలూకు మొదటి వాక్యం ఒక్కటే వేసుకుంటారు, ఎకరం స్థలం మాట ఎత్తరు.

రెండో పాచిక అమెరికా. మన ఊళ్లలో ఇంటికొకరు డాలస్‌లోనో ఇంకెక్కడో ఉన్నారు కాబట్టి ఇది బాగా పారుతుంది. వీడియోలో ఆమె ఎవరో "అమెరికాలో అందరూ ఆన్‌లైన్‌లోనే నేర్చుకుంటారు" అంటుంది. నిజమే, టెక్సాస్‌లో 18 నుంచి 24 ఏళ్ల వయసు వాళ్లు మొదటిసారి లైసెన్స్ తీసుకోవాలంటే ఆరు గంటల కోర్సు చేయాలి, అది ఆన్‌లైన్‌లోనూ చేయొచ్చు. అది అక్కడి ప్రభుత్వం అనుమతించిన సంస్థల దగ్గరే. ఆ తర్వాత కూడా రోడ్డు మీద నడిపి చూపించాల్సిందే. అక్కడి సర్టిఫికెట్‌కు అక్కడ విలువ. కర్నూలు ఆర్టీఓ ఆఫీసులో దాన్ని ఎవరు చూస్తారు?

ఇక డబ్బు సంగతి. ప్రకటనలో 499 రూపాయలు. కట్టే పేజీకి వెళ్లేసరికి సర్టిఫికెట్‌కు 799, "ఆర్టీఓ ప్రాసెసింగ్"కు 1,200. రెండింటికీ ముందే టిక్ పెట్టి ఉంది. కింద జీఎస్టీ. అన్నీ కలిపి మూడు వేలకు దగ్గర. పైన ఎర్రటి గడియారం ఒకటి "ఈ ధర ఇంకో 9 నిమిషాలే" అని వెనక్కి నడుస్తూ ఉంటుంది. పేజీ మూసి మళ్లీ తెరిస్తే మళ్లీ 9 నిమిషాల నుంచే మొదలు! ఇలాంటి మాయలు 13 రకాలని గుర్తించి కేంద్రం 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ఇచ్చింది. మనం అడగని వస్తువును బుట్టలో వేయడం, లేని తొందర పుట్టించడం రెండూ అందులో ఉన్నాయి. కాబట్టి ఫిర్యాదు చేసేటప్పుడు "మోసం చేశారు" అని ఊరుకోకండి, ముందే టిక్ పెట్టిన పేజీ ఫొటో జతచేయండి. దానికి బలం ఎక్కువ.

అంతకంటే చెడ్డది ఇంకొకటి. "ఖాతా సరిచూసుకోవడానికి ఒక రూపాయి" అని యూపీఐలో అడిగారు. మా మేనకోడలు పిన్ కొట్టింది. అది ఒక రూపాయి చెల్లింపు కాదు, ఆటోపే అనుమతి, అంటే ఇకమీద మనల్ని పిన్ అడక్కుండా వాళ్లే డబ్బు తీసుకునే ఏర్పాటు. తర్వాతి నెల "299 కట్ అవుతుంది" అని ముందు రోజు మెసేజ్ వచ్చింది కాబట్టి సరిపోయింది. ఇలా డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటలు ముందుగా మనకు చెప్పాలని రిజర్వ్ బ్యాంక్ నియమం ఉంది. యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోటుకు వెళ్లి ఆ అనుమతి రద్దు చేశాం. మీరూ ఒకసారి ఆ చోట చూసుకోండి, ఈ కోర్సు కొనకపోయినా సరే. ఎప్పుడో మర్చిపోయినవి ఏమేం ఉన్నాయో బయటపడతాయి.

కోర్సు ఎలా ఉందో చూద్దామని ఆమె పక్కన కూర్చుని నేనూ కొన్ని పాఠాలు చూశాను. బొమ్మ అంతా ఎక్కడిదో. స్టీరింగ్ ఎడమవైపు, కారు రోడ్డుకు కుడివైపు పోతోంది, వేగం మైళ్లలో చెబుతున్నారు. పైన తెలుగు గొంతు మాత్రం అతికించారు. పసుపుపచ్చ స్కూలు బస్సు ఆగి ఎర్ర లైట్లు వెలిగిస్తే ఎదురుగా వచ్చే బండ్లు కూడా ఆగాలి అని ఒక పాఠం. మంచి నియమమే, కానీ రాజ్‌విహార్ సెంటర్‌లో ముందు పోయే ఆటో ఏ క్షణాన ఎటు తిరుగుతుందో చెప్పే పాఠం ఒక్కటి ఉంటే దండం పెట్టేవాణ్ని. నవ్వుకుని వదిలేయడానికి కూడా లేదు. చివర పెట్టిన క్విజ్‌లో "ఎర్ర లైటు ఉన్నప్పుడు ఆగి చూసుకుని కుడివైపు తిరగవచ్చా?" అని ప్రశ్న. "తిరగవచ్చు" అంటేనే మార్కు. అమెరికాలో బండ్లు కుడివైపు పోతాయి కాబట్టి అక్కడ చాలాచోట్ల అది చెల్లుతుంది. మన దగ్గర ఎర్ర లైటులో కుడికి తిరిగితే ఎదురొచ్చే బండి కిందకి పోవడమే. ఇది చదువుకుని ఎల్ఎల్ఆర్ పరీక్షకు వెళితే వచ్చే మార్కులు కూడా పోతాయి.

సర్టిఫికెట్ మాత్రం బ్రహ్మాండంగా ఉంది. బంగారు అంచు, గుండ్రటి ముద్ర, క్యూఆర్ కోడ్, పైన "ఫారం 5" అని. స్కాన్ చేస్తే వాళ్ల సైటే తెరుచుకుంటుంది, "సర్టిఫికెట్ సరైనదే" అని ఆకుపచ్చ టిక్ చూపిస్తుంది. వాళ్ల కాగితానికి వాళ్లే సాక్షి! అసలు ఫారం 5 అంటే లైసెన్స్ ఉన్న డ్రైవింగ్ స్కూలు, తన దగ్గర బండి నేర్చుకున్నవాళ్లకు ఇచ్చేది. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలు ఇచ్చేది ఫారం 5బి. టెస్టు మినహాయింపు వచ్చేది దానితోనే. ఈ కాగితం మీద స్కూలు లైసెన్స్ నంబరు లేదు, నేర్పిన మనిషి సంతకం లేదు, ఏ బండి మీద నేర్పారో లేదు. సొంత కారు, బైకు లైసెన్స్‌కు డ్రైవింగ్ స్కూలు సర్టిఫికెట్ తప్పనిసరి కూడా కాదు. ఆఫీసులో కౌంటర్ దగ్గర చూసినాయన "ఇది మాకెందుకమ్మా" అని తిరిగి ఇచ్చేశాడు.

ఇప్పుడు అసలు దెబ్బ. "ప్రాసెసింగ్ మేమే చూసుకుంటాం" అని ఆధార్ ఫొటో, సంతకం ఫొటో వాట్సాప్‌లో పంపమన్నారు. ఫోన్ చేసి మరీ "మేడమ్, ఇప్పుడు ఓటీపీ వస్తుంది, చెప్పండి, ఈ రోజే లాస్ట్ డేట్" అన్నారు. దరఖాస్తు నిజంగానే పెట్టారు. కానీ మొబైల్ నంబరు గడిలో ఆమె నంబరు కాకుండా వాళ్లది వేశారు. ఆ తర్వాత ఆ దరఖాస్తుకు సంబంధించి ఏం చేయాలన్నా ఓటీపీ వాళ్లకే పోతుంది. స్లాట్ కావాలంటే ఇంకో 1,500 పంపమన్నారు. వద్దు, మేమే చేసుకుంటాం అంటే ఫోన్ ఎత్తడం మానేశారు. చివరికి ఆధార్ పట్టుకుని ఆర్టీఓ ఆఫీసుకు పోయి, జరిగింది కాగితం మీద రాసిచ్చి, నంబరు మార్పించుకోవాల్సి వచ్చింది. ఆ పిల్ల పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు. దరఖాస్తు నెట్ సెంటర్‌లో పెట్టించినా, ఏజెంటు దగ్గర పెట్టించినా ఆ గడిలో మీ నంబరే ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. ఊళ్లో తెలిసిన మనుషులు కూడా పని తొందరగా అవుతుందని తమ నంబరు వేసేస్తుంటారు. ఉద్దేశం మంచిదే కావచ్చు, తర్వాత తిరిగేది మాత్రం మనమే.

కోర్సు చూడటానికి "యాప్" అని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పని లేకుండా ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) కూడా పంపారు. దాన్ని మా వాళ్లు ఇన్‌స్టాల్ చేయలేదు, అదొక్కటి అదృష్టం. చలానా పేరుతో, ఆర్టీఓ పేరుతో ఇలాంటి ఫైళ్లు పంపి ఫోన్‌లోని మెసేజ్‌లు చదివి ఖాతాలు ఖాళీ చేస్తున్న మోసాలు చాలా నడుస్తున్నాయి. ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్ ప్లే స్టోర్‌లో ఉంటుంది, వాట్సాప్‌లో రాదు. సైటు అడ్రసులో జీఓవీ డాట్ ఇన్ (gov.in) లేకపోతే, పైన ఎన్ని సింహాలున్నా అది ప్రభుత్వానిదని నమ్మకండి.

ఇంటర్ పిల్లలున్న ఇళ్లకు ఒక మాట. ఆ ప్రకటనల్లో "16 ఏళ్లకే లైసెన్స్" అని కూడా ఒకటి తిరుగుతోంది. 16 ఏళ్లకు తల్లిదండ్రుల అంగీకారంతో ఇచ్చేది 50 సీసీ దాటని గేర్లు లేని బండికి మాత్రమే. ఇంట్లో ఉండే స్కూటీలు, యాక్టివాలు దాదాపు అన్నీ 50 సీసీ దాటినవే. కాబట్టి ఆ సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని పిల్లవాడు సి.క్యాంప్ దాకా బండి తీసుకెళ్లినా చట్టం దృష్టిలో లైసెన్స్ లేనట్టే. మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రుల్లాంటి సంరక్షకుల మీద లేదా బండి యజమాని మీద 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు అని 2019 సవరణలో పెట్టారు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ కూడా ఇవ్వరు. పెద్దవాళ్లు లైసెన్స్ లేకుండా నడిపితే 5,000. ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు అడిగేది లైసెన్సే, బంగారు అంచు కాగితం కాదు.

బండి నేర్చుకోవాలనుకుంటే ఊళ్లో డ్రైవింగ్ స్కూలుకే పోండి. పోయినచోట గోడ మీద ఫారం 11 అనే లైసెన్స్ ఉందా, గడువు ఉందా చూడండి. కారులో నేర్పేవాళ్ల కాలి కింద కూడా బ్రేకు, క్లచ్ ఉండాలి. ఎల్ఎల్ఆర్ రాకుండానే రోడ్డెక్కిస్తామనే స్కూలైతే లేచి వచ్చేయండి.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ అది. డబ్బు పోయిన మొదటి గంటల్లో చేస్తేనే ఖాతాలో ఆపగలిగే అవకాశం ఎక్కువ. కోర్సు పేరుతో తప్పుడు హామీ ఇచ్చిన విషయం మీద 1915, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మనం ఉన్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, వాళ్ల ఆఫీసు ఢిల్లీలో ఉందా ఇంకెక్కడుందా అని వెతుక్కుంటూ పోనక్కర్లేదు. కొన్నదాని విలువ 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ప్రకటన, చెల్లింపు పేజీ, చాట్, బ్యాంకు మెసేజ్ అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. మేం ఫిర్యాదు చేశాక వాళ్లు చాట్‌లోని మెసేజ్‌లు తుడిచేశారు. ముందే తీసి పెట్టినవే మాకు మిగిలాయి.

వాళ్ల పాత సైటు ఇప్పుడు తెరుచుకోవడం లేదు. నిన్న మా ఇంట్లోనే ఇంకొకరి ఫోన్‌లో అదే వీడియో, అదే గొంతు, వేరే పేరుతో కనిపించింది. ఈసారి ధర 399 అంటున్నారు, బురుజు బొమ్మ తీసేసి గండికోట పెట్టారు. కడప వైపు వాళ్లకు ఇది పంపండి.