ఫ్రీహోల్డా, కామన్ టెన్యూరా, ఉద్యోగమా? ఇంగ్లండ్ పాస్టర్లకు ఏది మేలు

సేవకు వచ్చినవాళ్లకు హక్కులెందుకు అని అడిగేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు. కానీ పాస్టరుకూ ఇల్లు గడవాలి, పిల్లల ఫీజులు కట్టాలి, ఆరోగ్యం బాగాలేకపోతే సెలవు కావాలి. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో ఈ విషయం మీద చాలా ఏళ్లు చర్చ జరిగింది. వాళ్ల ముందున్న దారులు మూడు.

మొదటిది పాత ఫ్రీహోల్డ్. పారిష్ (ఒక చర్చి పరిధి) బాధ్యత తీసుకున్న పాస్టరుకు ఆ పదవి దాదాపు ఆస్తితో సమానం. ఇల్లు, చర్చి ఆవరణ చట్టప్రకారం ఆ పదవి పేరు మీదే ఉంటాయి. 70 ఏళ్లు నిండేదాకా బిషప్‌కు నచ్చకపోయినా కదిలించడం చాలా కష్టం. ఊరి పెద్దలకు గిట్టని వాక్యం కూడా భయం లేకుండా చెప్పవచ్చు. ఈ మేలు చిన్నది కాదు. అయితే అది అందరికీ లేదు. సహాయ పాస్టర్లయిన క్యూరేట్లు, ఫ్రీహోల్డ్ లేకుండా పారిష్ చూసుకునే ప్రీస్ట్-ఇన్-ఛార్జ్‌లు బిషప్ ఇచ్చే లైసెన్సు మీద పనిచేసేవారు. నోటీసు ఇచ్చి లైసెన్సు రద్దు చేస్తే పదవితో పాటు ఇల్లూ పోయేది. అదే చర్చి, అదే అభిషేకం, ఒకరికి కోట, ఇంకొకరికి గాలిలో దీపం. నాకు ఇది అన్యాయంగానే కనిపిస్తుంది.

రెండోది కామన్ టెన్యూర్, అంటే అందరికీ ఒకే రకమైన పదవి షరతులు. ఉద్యోగులు కాకుండా ఇలాంటి పదవుల్లో ఉన్నవారికీ ఉద్యోగ హక్కులు వర్తింపజేసే అధికారం 1999 చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. ప్రభుత్వం దాన్ని వాడకముందే చర్చి తన సొంత చట్టాన్ని 2009లో చేసుకుంది, 2011 జనవరి 31 నుంచి అమలు చేసింది. సేవా షరతులు రాతపూర్వకంగా ఇవ్వాలి. వారానికి 24 గంటల పూర్తి విశ్రాంతి, ఏడాదికి 36 రోజుల సెలవు, ప్రసూతి సెలవు, ఫిర్యాదు చేసుకునే పద్ధతి ఉంటాయి. పని సరిగా చేయడం లేదని పదవి నుంచి తీసేస్తే ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. క్యూరేటుకూ ఇవే హక్కులు. అందుకే ఫ్రీహోల్డ్ కన్నా దీన్ని నేను చాలా ముందు పెడతాను.

లోటు లేదని కాదు. విశ్రాంతి రోజు ఉన్నా, మిగతా ఆరు రోజుల పని గంటలకు హద్దు లేదు. అంతకన్నా పెద్ద లోటు 2015లో బయటపడింది. వూస్టర్ డయాసిస్‌లో ఒక రెక్టర్ (పారిష్ పాస్టరు), తప్పులు బయటపెట్టినందుకు తనకు నష్టం చేశారని కేసు వేశారు. ఆ ఆరోపణల నిజానిజాల దాకా వెళ్లకుండానే, ఆయన చట్టం దృష్టిలో ఉద్యోగీ కాదు, వర్కరూ కాదని అప్పీలు కోర్టు తేల్చింది. ఆయనకు ఉన్నది ఫ్రీహోల్డే, అయినా కామన్ టెన్యూర్‌లోనూ ఈ రక్షణ లేదు. పదవి నుంచి కదిలించలేరు సరే, పదవిలో ఉండగా నలిగిపోతే ఆ కోట ఏం కాపాడింది?

మూడోది పూర్తి ఉద్యోగం. 2000లో ప్రభుత్వం నుంచి విడిపోయిన స్వీడన్ చర్చిలో ప్రీస్టులు ఉద్యోగులే, వాళ్లకు యూనియన్ ఉంది. హక్కుల లెక్కలో ఇదే గట్టిది. నా టెన్షన్ ఒక్కటే: యజమాని ఎవరు? స్థానిక కమిటీ చేతికి ఆ అధికారం వస్తే, ఎక్కువ కానుక ఇచ్చే కుటుంబానికి నచ్చని ప్రసంగం చేయడానికి పాస్టరు జంకుతారు. పైగా జీతం కోసం గట్టిగా అడగడానికి ఉద్యోగి హోదా తప్పనిసరేమీ కాదు. 2023లో బ్రిటన్‌లోని యునైట్ అనే కార్మిక యూనియన్‌లో ఉన్న చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పాస్టర్లు 9.5 శాతం పెంపు అడిగారు.

కాబట్టి ఇంగ్లండ్‌కు నేను కోరేది కామన్ టెన్యూరే, దానికి తోడు తప్పులు బయటపెట్టేవారికి చట్టరక్షణ. దీనికి పాస్టరును ఎవరి కింద ఉద్యోగినీ చేయనక్కరలేదు.

1947లో ఏర్పడిన మన సీఎస్ఐకి (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఆంగ్లికన్, మెథడిస్ట్ మూలాలు ఉన్నాయి. బిషప్ బదిలీ చేస్తే అయ్యగారు కుటుంబంతో సహా మిషన్ ఇల్లు మారాలి. ఇక్కడ ముందు అడగవలసినవి రెండు: షరతులు రాతలో ఉండాలి, బదిలీ మీద అభ్యంతరం ఉంటే బిషప్ కాని వేరెవరైనా వినాలి.